అరచేతి చందమామే అంగడి గుర్తు

ఒక బొమ్మ వల్ల పెళ్లిపని చేజారింది.

హోసూరు ప్రాంతంలోని మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఓ అమ్మాయి తల్లి ఇంటి ముందుగదిలో గోరింటాకు అంగడి నడుపుతోంది. పెళ్లిళ్లకు, సీమంతాలకు చేతులు నింపుతుంది. ఆషాఢం వస్తే వీధిలోని ఆడపిల్లలంతా ఆమె గుమ్మంలోనే ఉంటారు. అంగడి తెరిచినప్పుడు ఫోన్‌లో ఉచితంగా దొరికిన ఒక బొమ్మను బోర్డు మీద వేయించుకుంది. తీగలు అల్లిన ఆడచేయి. చూడచక్కని బొమ్మే. ఏడాది తిరిగేసరికి రెండు వీధుల అవతల ఇంకో అంగడి వెలిసింది. ఆమెకూ ఫోన్‌లో అదే బొమ్మ దొరికింది. మన అంగడామెతో ఫోన్‌లో మాట్లాడుకున్న పెళ్లివారు ఆ చేతి బొమ్మ చూసి అటు మెట్లెక్కారు. పెళ్లికూతురి చేతులు, కాళ్లు, తోడు వచ్చిన పది మంది చేతులు అక్కడే పండాయి.

"తిట్టడానికి కూడా నోరు రాలేదు టీచరమ్మా. ఆ బొమ్మ నాదైతే కదా తిట్టేది!" అంది ఆ తల్లి, తల్లిదండ్రుల సమావేశం రోజున.

ఆ మాట నన్ను వదల్లేదు. మరుసటి వారం పిల్లల ముందు పెట్టాను. 'ఈ అంగడికి సొంత గుర్తు గీయగలమా?' అని అడిగాను. నాలుగు వారాల పాటు శుక్రవారం తెలుగు పీరియడు దీనికే పోయింది. లెక్కల టీచరు, సైన్సు సారు తలా ఒక పీరియడు ఇచ్చారు. జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను. మన బడుల పిల్లల ఇళ్లలో టైలరింగో, పూల అంగడో, టిఫిను బండో ఏదో ఒకటి ఉంటుంది కదా. ఎవరికైనా పనికొస్తుందని.

ముందు ప్రశ్నలు, తర్వాత పెన్సిలు

పిల్లలు వెంటనే రంగు పెన్సిళ్లు తీశారు. ఆపి, ముందు ఆ తల్లినే బడికి పిలిపించాం. పిల్లలు నాలుగే ప్రశ్నలు అడిగారు. అంగడికి ఎవరు వస్తారు? వేరే అంగడికి వెళ్లకుండా మీ దగ్గరికే ఎందుకు రావాలి? ఈ గుర్తు ఎక్కడెక్కడ కనిపించాలి? ఏ బొమ్మ అస్సలు వద్దు?

వచ్చేవాళ్లలో సగానికి పైగా తమిళులు, తర్వాత తెలుగు, కన్నడ ఇళ్ల ఆడవాళ్లు అని చెప్పింది. ఆకు తెప్పించి, ఎండబెట్టి, పొడి చేసి, తానే కోన్లు చుడుతుంది. బజారు కోన్లు వాడదు. వచ్చేవాళ్లకు నచ్చేది అదే. గుర్తు బోర్డు మీద, కోను మీద అంటించే చీటీ మీద, రసీదు పుస్తకం మీద, వాట్సాప్‌లో కనిపించే చిన్న గుండ్రంలో ఉండాలి. ఇక వద్దన్నది ఒక్కటే: "చేయి వేయకండి. ఒకసారి మోసపోయాను. పైగా ఎన్నికలొస్తే మా ఇంటికి ఏ పార్టీ అని అడుగుతారు."

తరగతి అంతా నవ్వింది. ఆ నవ్వులోనే సగం పని అయింది. ఎందుకంటే అప్పటికే చాలా మంది నోటుపుస్తకాల్లో చేయి గీసేసి ఉన్నారు. గోరింటాకు అనగానే అందరికీ తోచేది చేయి. అందరికీ తోచేదాన్ని గుర్తుగా పెట్టుకుంటే అది ఎవరికీ గుర్తు కాదు.

పది గడులు

ఒక్కొక్కరు ఒక కాగితం మీద పది చిన్న గడులు గీసుకుని, గడికొక ఆలోచన చొప్పున వేయాలి. పెన్సిలు తప్ప మరేదీ వద్దు, రబ్బరూ వద్దు అన్నాం. మొదటి మూడు గడుల్లో అందరివీ ఒకలాగే ఉన్నాయి: మామిడిపిందె, నెమలి, తీగ. నాలుగో గడి నుంచి కష్టం మొదలైంది, కొత్తదనమూ అక్కడే మొదలైంది. ఒకరు ఆకు వేశారు. ఒకరు రోలు, పొత్రం వేశారు. ఒకరు కోను నుంచి జారే చుక్క వేశారు.

వాటిని నాలుగు పరీక్షలకు పెట్టాం. ఇవి ఏ గుర్తుకైనా పనికొస్తాయి.

ఒకటి, చిటికెన వేలి గోరంత చేసి చూడాలి. గీతలు కలిసిపోయి మచ్చగా మారితే అది కోను చీటీకి పనికిరాదు.
రెండు, ఒక్క రంగులో గీయాలి. రసీదు పుస్తకం ముద్రకు ఉండేది ఒక్క రంగే.
మూడు, గోడకు అంటించి తరగతి అవతలి కొస నుంచి చూడాలి. రోడ్డు దాటకముందే గుర్తుపట్టగలగాలి.
నాలుగు, పది సెకన్లు చూపించి దాచేసి, చూసినవాళ్లను మళ్లీ గీయమనాలి. గీయలేకపోతే జ్ఞాపకం ఉండదనే అర్థం.

నెమలి మొదటి పరీక్షలోనే పోయింది. మామిడిపిందె లోపలి అల్లిక మచ్చయింది. రోలు చూసి పక్క తరగతి పిల్లలు 'పిండిమిల్లా?' అన్నారు. ఆకు నాలుగు పరీక్షలూ దాటింది కానీ, "ఇది కరివేపాకైనా కావచ్చు, మందుల కొట్టైనా కావచ్చు" అని ఓ పిల్లాడు తేల్చేశాడు. నిజమే. గోరింటాకు ఆకు చూడటానికి చాలా మామూలు ఆకు. దాని మహిమంతా పండిన తర్వాతే తెలుస్తుంది.

అమ్మమ్మ పెట్టిన చందమామ

రెండో శుక్రవారం ఇంటికి ఒక పని ఇచ్చాను. 'మీ అమ్మమ్మనో నానమ్మనో అడగండి, కోన్లు రాకముందు ఎలా పెట్టుకునేవారో.' అందరూ దాదాపు ఒకే జవాబు తెచ్చారు. ఆకు కోసి, చింతపండో నిమ్మరసమో వేసి రోట్లో మెత్తగా రుబ్బి, అరచేతి నడుమ గుండ్రంగా అద్ది, చుట్టూ చుక్కలు పెట్టేవారు. వేళ్ల కొసలకు టోపీల్లా తొడిగేవారు. నడుమనున్నదే చందమామ. అట్లతద్దికి, ఆషాఢానికి అదే.

అంగడామె కూతురు లేచి చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది: "మా అమ్మకి అది చాలా బాగా వచ్చు టీచర్. కానీ ఎవరూ అడగరు. అందరూ అరబిక్కు, రాజస్థానీ అంటారు. పాతకాలంది కదా."

పాతదైతే పాతదే. కానీ దాన్ని నాలుగు పరీక్షలకు పెట్టి చూడమన్నాను. గోరంత చేసినా గుండ్రం గుండ్రమే. ఒక్క రంగు చాలు. ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. పది సెకన్లు ఎందుకు, రెండు సెకన్లు చూసినా గీయవచ్చు. ముందు తరాల ఆడవాళ్లు మెత్తని ముద్దతో, వేలి కొసతో పెట్టేవారు కాబట్టి సన్నని గీతలకు వీలుండేది కాదు. పెద్ద ఆకారాలే మిగిలాయి. గుర్తుకు కావలసినవీ అవే.

పేరులోనే ఉన్న సున్న

అంగడికి పేరేమీ లేదు, 'గోరింటాకు' అనే పిలుస్తారు. ఆ మాటను నల్లబల్ల మీద పెద్దగా రాసి, ఏ అక్షరంలో ఏముందో చూడమన్నాను. వాళ్లకు నేను మొదట అడిగింది తలకట్లు లెక్కపెట్టమని. నాలుగంటే నాలుగన్నారు. చూస్తే ఒక్కటే! 'గో'లో తలకట్టు పోయి ఓత్వం వచ్చింది. 'రి'లో గుడి వచ్చింది. 'ట'కు తలకట్టు అసలే లేదు. 'కు'లో మాత్రమే కొమ్ముతో పాటు తలకట్టు నిలిచింది. తొమ్మిదో తరగతికి వచ్చినా మన పిల్లలు చాలా మంది అక్షరాన్ని చదువుతారు తప్ప చూడరని ఆరోజు నాకు అర్థమైంది.

అప్పుడు వెనక బల్ల నుంచి ఒక గొంతు: "టీచర్, మధ్యలో సున్న ఉంది. అదే చందమామ కదా!"

ఆ పిల్ల వచ్చి ఎర్ర చాక్‌పీసుతో 'రిం' పక్కనున్న సున్నను నింపింది. మాట మొత్తం తెల్లగా, నడుమ ఎర్రగా పండిన సున్న. తరగతి ఒక్క క్షణం మాట్లాడలేదు.

మరుక్షణం అంగడామె కూతురే అడ్డు చెప్పింది. "తెలుగు చదవగలిగేవాళ్లు ఎంతమంది వస్తారు టీచర్? మా అమ్మ ఒప్పుకోదు." అది చిన్న ప్రశ్న కాదు. మన బడుల్లో పిల్లలు ఏదో ఒక రూపంలో రోజూ అడిగే ప్రశ్నే అది: ఈ అక్షరాలు బడి గేటు దాటాక దేనికి పనికొస్తాయి?

జవాబుగా జేబులోంచి పది రూపాయల నోటు తీశాను. దాని మీదున్న రూపాయి గుర్తు 2010 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినది. తమిళనాడుకు చెందిన డి. ఉదయకుమార్ రూపొందించారు. దేవనాగరిలోని 'ర'నూ, రోమన్ లిపిలోని 'ఆర్'నూ కలిపిన ఆకారం అది. మా వీధి కూరగాయల అవ్వకు దేవనాగరి రాదు. అయినా ఆ గుర్తు ఏమిటో ఆమెకు తెలుసు. అక్షరం నుంచి పుట్టిన గుర్తును, ఆ అక్షరం రానివాళ్లు కూడా బొమ్మగా గుర్తుపడతారు. వచ్చినవాళ్లకు అందులో ఇంకొకటి అదనంగా కనిపిస్తుంది.

పిల్లి అడుగు

మూడో వారం గుర్తుకు రూపం వచ్చింది. నడుమ ఒక నిండు గుండ్రం, పైన ఐదు చుక్కలు. గుండ్రం అరచేతి చందమామ, చుక్కలు వేలికొసలు. చేయి గీయకుండానే చేయి వచ్చిందని అందరం మురిసిపోయాం. సాయంత్రం ఒకడు దాన్ని ఇంట్లో చూపిస్తే వాడి తమ్ముడు 'పిల్లి అడుగు' అన్నాడట!

మర్నాడు చూస్తే మాకూ పిల్లి అడుగే కనిపించింది. గుర్తు గీసినవాళ్ల కళ్లు దాన్ని సరిగ్గా చూడలేవు. ఏమీ తెలియనివాళ్లకు చూపించి, 'ఇదేమిటి?' అని మాత్రమే అడగాలి. మనం ముందే చెప్పకూడదు.

లెక్కల టీచరు దారి చూపించారు. చుక్కలను సమాన దూరంలో పెట్టడమే తప్పు. ఒక పిల్ల అరచేతిని కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, ఐదు వేలికొసలను గుర్తించారు. గుండ్రం కేంద్రం నుంచి ఒక్కో కొసకు గీత గీసి, కోణమానితో కొలిపించారు. నాలుగు వేళ్లు దగ్గరగా, ఒకదానికొకటి ఎత్తు తేడాతో ఉన్నాయి. బొటనవేలు బాగా పక్కకు, కిందికి ఉంది. ఆ కోణాల్లోనే పెట్టి, చుక్కలకు బదులు టోపీల్లాంటి అర్ధచంద్రాలు వేయగానే పిల్లి వెళ్లిపోయింది, చేయి వచ్చింది. చందమామ చుట్టూ ఉండే చిన్న చుక్కలను కూడా వేసి చూశాం. గోరంత చేస్తే కలిసిపోయాయి. మనసు ఒప్పకపోయినా తీసేశాం.

నలుపు వద్దు

రంగు దగ్గర గొడవ వచ్చింది. సగం మందికి నలుపు కావాలి, 'స్టైలుగా ఉంటుంది' అని. అప్పుడు సైన్సు సారు ఒక పీరియడు తీసుకున్నారు. గోరింటాకులో రంగునిచ్చే పదార్థం పేరు లాసోన్. అది చర్మంలోని కెరాటిన్ అనే ప్రోటీనును పట్టుకుంటుంది. అరచేతిలో, అరికాలిలో పై పొర మందం కాబట్టి అక్కడ బాగా పండుతుంది. తీసిన వెంటనే నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదురు ఎరుపుకు, గోధుమ ఎరుపుకు తిరుగుతుంది. వట్టి ఆకు చర్మం మీద నల్లగా పండదు. 'నల్ల మెహందీ' పేరుతో వచ్చేవాటిలో తరచూ జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. దానివల్ల కొందరికి బొబ్బలు లేస్తాయి, మచ్చలు మిగులుతాయి.

సొంతంగా పొడి చేసి, మందు కలపని కోన్లు చుట్టే అంగడి నల్లగుర్తు పెట్టుకుంటే తన మంచిని తానే దాచుకున్నట్టు. పండిన ఎరుపే ఖాయమైంది. ఒక్క రంగు ముద్ర అవసరమైన చోట ఏ రంగు సిరాతోనైనా నిలబడేలా ఆకారం ఉంది కాబట్టి చిక్కు లేదు.

బోర్డు మీద ఎవరి చోటు ఎంత

గుర్తు చూపించగానే ఆ తల్లి సున్న మీద వేలు పెట్టి చాలాసేపు ఊరుకుంది. "మా అమ్మ ఇట్లే పెట్టేది" అని మాత్రం అంది. తర్వాత భయం బయటపెట్టింది: "తెలుగు రాస్తే ఎవరన్నా ఏమన్నా అంటారేమో టీచరమ్మా?"

భయపడక్కర్లేదు, కానీ నియమం తెలుసుకోవాలి. మనం ఉంటున్న రాష్ట్రం భాషకు బోర్డు మీద ముందు చోటు ఇవ్వాలి. చట్టమూ అదే, మర్యాదా అదే. తమిళనాడులో తమిళం, ఇంగ్లిషు, ఇతర భాష 5:3:2 నిష్పత్తిలో ఉండాలి. కర్ణాటకలో 2024 సవరణ ప్రకారం బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలి. మహారాష్ట్రలో మరాఠీ పేరు దేవనాగరిలో, వేరే లిపి అక్షరాల కంటే చిన్నది కాకుండా ఉండాలి. ఒడిశాలో అంగళ్ల పేర్లు ఒడియాలో కనిపించాలి. యానాంలో మాత్రం మన అక్షరం సొంతింట్లోనే ఉంది.

లెక్కల పీరియడుకు ఇంకో లెక్క దొరికింది. రాతకు ఉన్న ఎత్తు 20 అంగుళాలైతే తమిళానికి 10, ఇంగ్లిషుకు 6, తెలుగుకు 4. పైన తమిళంలో 'మరుదాణి', కింద ఇంగ్లిషులో 'హెన్నా', ఆ కింద మన 'గోరింటాకు', అందులో ఎర్రని సున్న. పక్కన గుండ్రం, ఐదు టోపీల గుర్తు. అదే ఆకు కన్నడిగులకు మదరంగి, మరాఠీవారికి మేందీ, ఒడియావారికి మంజుఆతి. పేర్లు మారుతాయి, అరచేయి మారదు. ఏ రాష్ట్రంలోనైనా పేరు మార్చి గుర్తును అలాగే ఉంచుకోవచ్చు. నాలుగు అంగుళాల్లో మన భాష ఉంటుంది. అదే భాష నుంచి పుట్టిన గుర్తు నిండుగా ఉంటుంది.

మనదని రాసుకోవాలి

ఉచిత బొమ్మతో నష్టపోయిన ఇల్లు కదా, ఈసారి కాగితాలు కూడా చూసుకున్నాం. తల్లిదండ్రులకు పనికొచ్చే సంగతులు ఇవి.

ఉచితంగా దొరికే బొమ్మను వాడుకోవడానికి ఒక్కోసారి అనుమతి ఉంటుంది, కానీ అది మీ ఒక్కరిదీ కాదు. రేపు పక్కింటివారూ వాడవచ్చు.

బొమ్మ గీసిన క్షణం నుంచే కాపీహక్కు గీసినవారిది. డబ్బిచ్చి గీయించుకున్నా, హక్కును బదిలీ చేస్తున్నట్టు కాగితం మీద రాసి సంతకం తీసుకోవడం మంచిది. మా తరగతి పిల్లలు మైనర్లు కాబట్టి వాళ్ల తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించాం.

1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద గుర్తును నమోదు చేసుకోవచ్చు. 'గోరింటాకు' వంటి వస్తువు పేరును ఒక్కరి సొంతం చేయడం కష్టం. ప్రత్యేకమైన బొమ్మతో కలిసిన గుర్తుకైతే అవకాశం ఎక్కువ. గోరింటాకు పెట్టడం వంటి సేవ 44వ తరగతిలోకి, కోన్లు అమ్మడం 3వ తరగతిలోకి వస్తుంది. వ్యక్తులు ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. నమోదు 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. నమోదు కాకపోయినా 'టీఎం' అని వేసుకోవచ్చు. గుండ్రంలో 'ఆర్' మాత్రం నమోదయ్యాకే వేయాలి, ముందే వేస్తే నేరం.

మా అంగడామె ఇంకా నమోదు చేయించలేదు. ఆషాఢం సంపాదన చూసి చేయిస్తానంది.

మీ బడిలో చేయాలంటే

నాలుగు వారాలు చాలు. మొదటి వారం అంగడివారిని పిలిచి ప్రశ్నలు, పది గడులు. రెండో వారం ఇంటి పెద్దల మాటలు, పేరులోని అక్షరాల పరిశీలన. మూడో వారం కోణాలు, కొలతలు, తెలియనివాళ్లకు చూపించడం. నాలుగో వారం రంగు, బోర్డు నిష్పత్తి, హక్కుల కాగితం. కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. మేము చివరి బొమ్మను గళ్ల కాగితం మీద వృత్తలేఖినితో గీసి బోర్డు రాసే ఆయనకు ఇచ్చాం. గళ్లు లెక్కపెట్టుకుని ఆయన పెద్దది చేసుకున్నాడు.

ఒక్క జాగ్రత్త. అసలైన అంగడికే చేయండి. ఊరికే ఊహించుకున్న అంగడికి చేస్తే పిల్లలు అందమైన నెమలి దగ్గరే ఆగిపోతారు. చేజారిన పెళ్లిపని వెనక ఉందని తెలిస్తేనే నెమలిని కొట్టేయడానికి చేతులొస్తాయి.

బోర్డు ఎక్కి ఇప్పటికి కొన్ని నెలలైంది. మొన్న ఆ అమ్మాయి వచ్చి ఒక సంగతి చెప్పింది. బస్టాండు దగ్గర ఇద్దరు తమిళావిడలు ఆటో ఆయనకు దారి చెబుతున్నారట. అంగడి పేరు చెప్పలేదు, వీధి పేరూ చెప్పలేదు. 'ఆ వట్టం కడై' అన్నారట. తమిళంలో వట్టం అంటే గుండ్రం.

"వాళ్లకి అది సున్న అని తెలీదు టీచర్" అంది నవ్వుతూ. "మాకు తెలుసు."